జ్యోతినగర్ ముచ్చట్లు - 14: కొంచెం పక్కకు జరుగు తాతా



నిన్న సెప్టెంబర్ మొదటి శనివారం. ప్రపంచమంతా రాబందుల దినంగా జరుపుకునే రోజు. పొద్దున్నుంచి నా ఫోన్ నిండా రాబందుల ఫొటోలే. కాకతీయ యూనివర్సిటీలో చదివే తమ్ముడొకడు ఇన్‌బాక్సులో అడిగాడు: "అన్నా, నువ్వు పాలరాపు గుట్టకు పోయి రాబందుల ఫొటోలు తీసినవట గదా. ఒక్కటన్న పెట్టలేదేంది?"

నిజమే. పోయాను, తీశాను. నా చేత్తో తీసిన ఫొటోలన్నింటిలోకీ మంచిది అందులోనే ఉంది. ఏడేళ్లు కావస్తోంది, ఎక్కడా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఇవాళ చెప్తాను. కొంచెం పొడుగు ముచ్చట. తీరిక దొరికినప్పుడు చదవండి.

*

మా బాపు 1979లో మంథని దిక్కు పల్లె నుంచి రామగుండం వచ్చాడు. అంతకు ముందటేడే, 1978 నవంబర్‌లో, మొరార్జీ దేశాయ్ వచ్చి ఇక్కడి సూపర్ థర్మల్ పవర్ స్టేషన్‌కు పునాదిరాయి వేసి పోయాడు. మట్టి తవ్వడానికి, ఇటుకలు మొయ్యడానికి, కాంక్రీట్ పొయ్యడానికి వేల చేతులు కావాలి. ఆ చేతుల్లో బాపువి రెండు. 1983లో మొదటి యూనిట్ నడిచే నాటికి ఆయన కాంట్రాక్ట్ లేబర్‌లో కుదురుకున్నాడు. పని బరువే. కానీ ఊళ్లో మా తాత చేసిన పని ఇక్కడ చెయ్యక్కర్లేదు. బాపుకు అదే స్వరాజ్యం. తాత పని ఏందో తర్వాత చెప్తాను. ఆ రోజు అక్కడ నేను కూడా తర్వాతే చెప్పాను.

జ్యోతినగర్ అంటే చాలామందికి క్వార్టర్లు, చెట్లు, వెడల్పాటి రోడ్లు. మేం ఉన్నది గేటు బయట. అవతల చిమ్నీలు, ఇవతల గోదావరిఖని గనులు, మధ్యలో బొగ్గు బండ్ల రైలు పట్టాలు. ఆ నడుమనే నా బడి, నా డిగ్రీ, నా మొదటి ధర్నా, నా మొదటి కెమెరా. ఖనిలో ఒక స్టూడియో మూసేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డీ5300, దానితోపాటు 70-300 లెన్సు కొన్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తే ఇల్లు గడిచేది. ఏప్రిల్ 14 ర్యాలీలు, కార్మికుల సభలు తీస్తే మనసు నిండేది. మనిషి లేని ఫొటోకు పైసలిచ్చేవాడు ఎవడూ ఉండడు, అందుకే మనిషి లేని ఫొటో నేను పెద్దగా తీయలేదు.

కానీ గోదావరి ఒడ్డున కూర్చున్నప్పుడు లకుముకి పిట్టను తీసేవాణ్ని. తీగ మీద పాలపిట్టను తీసేవాణ్ని. అది చూసి క్వార్టర్లలో ఉండే ఒక మిత్రుడు చెప్పాడు: "కాగజ్‌నగర్ అడవిలో రెండు రోజుల నేచర్ ఫొటోగ్రఫీ వర్క్‌షాప్ ఉంది. రాబందుల గుట్ట చూపిస్తరు. పోదాం పా." ఫీజు నాకు రెండు పెళ్లిళ్ల సంపాదన. అయినా కట్టాను. మనవాళ్లు అడవికి పోతే కట్టెలకో, కూలికో, కేసులకో పోతారు. చూడటానికి పోవడం అనేది నాకు కొత్త. ఆ ఆశ నాకూ ఉంటుంది కదా.

*

2018 డిసెంబర్. రామగుండంలో రైలెక్కితే మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్ దాటి సిర్పూర్ కాగజ్‌నగర్. అక్కడి నుంచి జీపుల్లో పెంచికల్‌పేట దిక్కు. చలి పళ్లు కొరుకుతోంది. జీపులో పన్నెండు మందిమి. నేనూ మా మిత్రుడూ తప్ప అందరూ హైదరాబాద్ వాళ్లే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒక డాక్టర్, ఒక రిటైర్డ్ ఆఫీసర్. వాళ్ల ఒళ్లో తుపాకుల్లాగ 600 ఎంఎం లెన్సులు. నా లెన్సు వాటి పక్కన అగ్గిపెట్టె లెక్క ఉంది.

సాయంత్రం పరిచయాలు. పేరు, ఊరు, ఏం చేస్తారు, ఎందుకొచ్చారు. నా వంతు వచ్చింది. పేరు చెప్పాను. రిటైర్డ్ ఆఫీసర్ అడిగాడు: "ఇంటిపేరు?"

మనందరికీ తెలిసిన ప్రశ్నే కదా. ఊరు, ఇంటిపేరు, నాన్న ఏం చేసేవారు, తాతలు ఏం చేసేవారు. నాలుగు మెట్లు దిగితే కులం దొరుకుతుంది. ఇంటిపేరు మీద నవ్వి ఊరుకున్నాను. బాపు గురించి "పవర్ హౌస్‌ల చేసిండు" అన్నాను. "తాతల కాలం నుంచి వ్యవసాయమేనా?"

"అవునండీ. వ్యవసాయమే."

నేను మీటింగుల్లో మైకు పట్టుకుంటే అరగంట ఆగకుండా మాట్లాడతాను. పిల్లలకు ఆత్మగౌరవం గురించి క్లాసులు చెప్తాను. ఆ పన్నెండు మంది ముందు, ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో చాయ్ కప్పు పట్టుకుని, మా తాతను రైతును చేసేశాను. ఎవరూ బెదిరించలేదు. ఎవరూ కొట్టలేదు. నోటికి అదే వచ్చింది.

*

తర్వాత క్లాసు. గైడ్ సార్ మంచి టీచర్. ఆయన మీద నాకు కోపం లేదు, ఇవాళ నాకు పక్షిని తీయడం వచ్చిందంటే ఆయన వల్లే. ఎగిరే పక్షికి షట్టర్ రెండువేలకు తగ్గొద్దన్నాడు. కన్ను మీద ఫోకస్ పెట్టమన్నాడు. వెలుగు మన వెనక ఉంటే ఈకల రంగు వస్తుంది, పక్షి వెనక ఉంటే రెక్కల అంచు మెరుస్తుంది అని చూపించాడు. గూడు దగ్గరికి పోవద్దు, రాళ్లు విసిరి లేపొద్దు, ఫొటో కోసం ఎర వెయ్యొద్దు. అన్నీ న్యాయమైన మాటలే.

ఆఖరికి ఒక రూలు చెప్పాడు. నేచర్ ఫొటోగ్రఫీ పోటీల్లో దాన్ని "హ్యాండ్ ఆఫ్ మ్యాన్" అంటారట. మనిషి చెయ్యి. అది ఫొటోలో కనిపించొద్దు. మనిషి గానీ, మనిషి చేసిన కంచె, కరెంటు తీగ, రోడ్డు, గుడిసె గానీ ఏదీ ఉండొద్దు. అమెరికా, బ్రిటన్, అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సంఘాలు మూడూ 2014లో కూర్చుని దీనికి ఒకే నిర్వచనం రాసుకున్నాయి. నేను నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీసుకున్నాను. మంచి విద్యార్థిని మరి.

*

తెల్లారుజామున నాలుగు గంటలకు బయల్దేరాం. నందిగాం దిక్కు జీపులు దిగి, టార్చిలైట్ల వెలుగులో నడిచి, పొదల వెనక వలలు కట్టుకుని కూర్చున్నాం. ముందు పెద్దవాగు. దాని మీద పాలరాపు గుట్ట, గోడలాగ నిలువుగా లేచిన బండ. పొగమంచు లేస్తుంటే బండ మీద తెల్లటి చారలు కనిపించాయి. సున్నం వేసినట్టు. అవి రాబందుల రెట్టలు. చార ఉన్న చోటల్లా పైన ఒక అరుగు, అరుగు మీద గూడు.

2013లో ఈ గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు ఉన్నాయని అటవీశాఖ వాళ్లు గుర్తించారు. తెలంగాణలో రాబందులు ఇక లేవనుకున్న రోజులవి. అప్పటి నుంచి కాపలా పెట్టారు. జటాయువు పేరు పెట్టి రక్షణ పనులు మొదలుపెట్టారు.

ఎండ బండను తాకగానే ఒకటి రెక్క విప్పింది. మిత్రులారా, నేను ఉపన్యాసాలు చెప్పేవాణ్ని, ఇసుమంటివి చెప్పడం రాదు. రెక్కలు విప్పితే ఏడడుగులు ఉంటుంది. కొట్టుకోదు, ఊరికే చాపుకుని గాలి మీద కూర్చుంటుంది. ఒకదాని వెనక ఒకటి లేచాయి. పదకొండు లెక్కపెట్టాను. రాబందు అంటే మనకు తిట్టు. వడ్డీ వ్యాపారిని తిడతాం, భూములు గుంజేవాణ్ని తిడతాం, నేనే ఎన్ని కరపత్రాల్లో రాశానో. ఆ పొద్దున వాటికి క్షమాపణ చెప్పుకున్నాను.

అప్పుడు వాగు అవతలి ఒడ్డున ఎడ్లబండి కనిపించింది.

బండి మీద చచ్చిన ఎద్దు. బండి తోలుకొచ్చింది ఒక ముసలాయన. అరవై దాటి ఉంటాయి. తలకు తువ్వాల, మోకాళ్ల దాకా ధోతి. బండిని వెనక్కి తిప్పి, తాడేసి, గుంజి, ఎద్దును చదును మీద దింపాడు. బండిని దూరంగా చెట్టు కింద ఆపి, ఎడ్లను కట్టేసి వచ్చాడు. నడుములోంచి కత్తి తీశాడు.

నేను కెమెరా కిందికి దించాను. ఆ తర్వాత ఏం చేస్తాడో నాకు తెలుసు. ముందరి కాలు లోపలి దిక్కున మొదలుపెట్టి, బొడ్డు మీదుగా తిన్నగా ఒక్కటే గీత. చెయ్యి వణకదు. తోలును పిడికిలితో నూకుతూ, కత్తిని పడుకోబెట్టి ఒలుస్తాడు. తోలుకు కాటు పడదు. ఒక దిక్కు ఒలవగానే ఆపేశాడు. పోయి ఇరవై అడుగుల దూరంలో బండరాయి మీద కట్టె పట్టుకుని కూర్చున్నాడు. గుట్ట మీది రాబందులు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి.

వల వెనక అందరూ సర్దుకున్నారు. అందరి కంటికీ ఒకటే అడ్డం. ఫ్రేములో కుడివైపు ముసలాయన. ఒకాయన ఇంగ్లిష్‌లో విసుక్కున్నాడు. గైడ్ సార్ చెయ్యి ఊపాడు. ముసలాయనకు అర్థం కాలేదు. అప్పుడు సార్ నా దిక్కు తిరిగి మెల్లగా అన్నాడు: "మీరు లోకల్ కదా. మీ భాషలో చెప్పండి, కొంచెం పక్కకు జరగమని."

నేను లేచి, వల దాటి, వాగు ఒడ్డుకు పోయి చెప్పాను:

"కొంచెం పక్కకు జరుగు తాతా. ఫొటోలో పడుతున్నవ్."

ఆయన నన్ను చూశాడు. ఏమీ అనలేదు. లేచి, కట్టె పట్టుకుని, తుమ్మ పొదల వెనక్కి పోయాడు. ఎటు పోవాలో, ఎంత దూరం పోవాలో నేను చెప్పనే లేదు. ఆయనకు తెలుసు. ఎన్ని తరాల అలవాటో.

పది నిమిషాలకు మొదటి రాబందు దిగింది. కాళ్లు ముందుకు చాపి, రెక్కలు పూర్తిగా విప్పి, వెనక ఎండ. ఈకల అంచు బంగారం లెక్క మెరిసింది. నేను నొక్కాను. నా చిన్న లెన్సుకు అదృష్టం కలిసొచ్చింది, పక్షి నా దిక్కే దిగింది. ఆ ఫొటో అదే.

ఇంకో మూడు దిగాయి. అంతే. ఎక్కడి నుంచి వచ్చాయో ఆరేడు ఊరకుక్కలు. అరుచుకుంటూ కళేబరం మీద పడ్డాయి. రాబందులన్నీ ఒక్కసారే లేచిపోయాయి. వల వెనక అందరూ కుక్కలను తిట్టుకున్నారు. తుమ్మ పొదల్లోంచి తాత పరుగెత్తుకొచ్చాడు, కట్టె తిప్పుకుంటూ. అప్పుడు అర్థమైంది, ఆయన ఆ బండ మీద ఊరికే కూర్చోలేదు.

*

ఇప్పుడు మా తాత పని చెప్తాను.

మా ఊళ్లో గొడ్డు చస్తే కబురు మా గూడేనికి వచ్చేది. మా తాత, ఇంకో ముగ్గురు పోయి బొంగుకు కట్టి మోసుకొచ్చేవాళ్లు. ఊరు ముక్కు మూసుకునేది. ఊరవతల ఒలిచేవాళ్లు. తోలుకు సున్నం పెట్టి, తంగేడు చెక్క వేసి లందలో ఊరేసేవాళ్లు. ఆ తోలుతోనే ఊరి బావుల మోటబొక్కెనలు, ఎడ్ల పట్టెళ్లు, చెప్పులు, డప్పు. ఆ బొక్కెనలతో తోడిన నీళ్లతోనే దొర పొలం పండేది. ఆ బావి దగ్గరికి మాత్రం మా తాత పోవద్దు.

మాంసం, పేగులు అక్కడే ఉండేవి. రాబందులు వచ్చేవి. బాపు చిన్నప్పుడు చూశాడు, వంద దాకా వచ్చేవట. గంటలోపల బొక్కలు మిగిలేవి. ఆ బొక్కలను ఏరుకునేవాళ్లు ఇంకెవరో వచ్చేవాళ్లు. రాబందు గట్టి తోలును చీల్చడానికి కష్టపడుతుంది, ఒలిచిన గొడ్డయితే సులువు. అంటే మా తాత కత్తి పెట్టినాక దాని వంతు. ఇద్దరూ కలిసి ఊరిని శుభ్రం చేశారు. ఇద్దరినీ ఊరు అసహ్యించుకుంది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు తాత జ్యోతినగర్ వచ్చాడు. నన్ను బడి నుంచి తీసుకుపోవడానికి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎంత కడుక్కున్నా ఆయన చేతుల్లో లంద వాసన పోలేదు. పక్క పిల్లగాడు "ఎవర్రా ఆయన?" అన్నాడు. "మా ఇంటి పక్కాయన" అన్నాను. పెద్దవాగు ఒడ్డున "పక్కకు జరుగు తాతా" అన్నది అదే నోరు.

*

మధ్యాహ్నం అందరి ఫొటోలూ తెర మీద వేశారు. నా ఫొటో రాగానే గది నిశ్శబ్దమైంది. గైడ్ సార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "క్లీన్ ఫ్రేమ్. దీన్ని పోటీకి పంపండి" అన్నాడు.

నేను తెర వైపు చూస్తున్నాను. రాబందు కాళ్ల కింద ఎద్దు. దాని పొట్ట మీద తిన్నటి గీత. ఏ జంతువు పళ్లూ అంత తిన్నగా కొయ్యలేవు.

"సార్, ఆ కోత మనిషి పెట్టిందే కదా. మరి హ్యాండ్ ఆఫ్ మ్యాన్ ఉన్నట్టే కదా?"

కొందరు నవ్వారు. సార్ కూడా నవ్వి, "అది జడ్జిలకు తెలియదులే" అన్నాడు.

"తెలియకపోవడమే నా బాధ సార్. ఆ తాతను తీసేసినం, కుక్కలొచ్చినయ్, పక్షులు పోయినయ్. ఈ పక్షి కథలో ఆయన లేడా?"

వెనక నుంచి ఒకాయన అన్నాడు: "బ్రదర్, నేచర్‌లోకి కులాన్ని తేకండి."

నేను కులం పేరెత్తలేదు. తాత అన్నాను, కోత అన్నాను. ఆయనకు కులం ఎట్లా వినిపించింది?

అప్పుడు చెప్పాను. "నిన్న అబద్ధం చెప్పిన. మా తాత రైతు కాదు. ఈయన చేసిన పనే మా తాత చేసిండు. మేం మాదిగోళ్లం." నా గొంతు మీటింగుల్లో ఉన్నట్టు లేదు. సన్నగా ఉంది, వణికింది. రిటైర్డ్ ఆఫీసర్ ఫోన్ చూసుకున్నాడు. డాక్టర్‌గారు మాత్రం వచ్చి పక్కన కూర్చుని, "చెప్పండి" అంది. గైడ్ సార్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్రొజెక్టర్ ఆపేసి, "ఇరవై ఏళ్లు అవుతోంది, నేను ఇట్ల ఆలోచించలేదు" అన్నాడు. ఆ మాట ఊరికే అన్నాడనుకోను.

*

ఇంటికి వచ్చాక ఆ రూలును మొత్తం చదివాను. అందులో ఒక మినహాయింపు ఉంది. మనిషి ఆ ప్రకృతి కథలో విడదీయరాని భాగమైతే ఉండొచ్చు. ఉదాహరణ కూడా రాశారు: మనుషుల కట్టడాలకు అలవాటుపడిన గుడ్లగూబలు, కొంగలు. యూరప్‌లో ఇంటి పొగగొట్టం మీద కొంగ గూడు పెడితే ఆ పొగగొట్టం ప్రకృతి కథలో భాగమే. మరి మన దేశంలో రాబందుకు వేల ఏళ్లు కూడు అందించిన చేతుల సంగతేంది? రూలు మనల్ని వద్దనలేదు. రూలును చదివిచ్చినవాళ్లే ఆ వాక్యం దగ్గర ఆగలేదు.

విద్యార్థి మిత్రులు ఈ లెక్కలు గుర్తుపెట్టుకోండి. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపల వెయ్యింటికి ఒకటి మిగిలాయి. పొడుగు ముక్కువి నూటికి మూడో నాలుగో. అంత వేగంగా ఏ పక్షీ పోలేదేమో. ఏ రోగమో అని ఏళ్ల తరబడి వెతికారు. 2004లో తేలింది. పశువుల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూది. ఆ మందు ఒంట్లో ఉన్న గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చస్తుంది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. దానికి బదులు మెలోక్సికామ్ వాడమన్నారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా నిషేధించారు. రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. పోయినవి అంత తొందరగా రావు.

2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే పత్రికలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇంకో లెక్క తేల్చారు. రాబందులు పోవడం వల్ల కుళ్లిన కళేబరాలు, కుక్కలు, చెడిన నీళ్లు పెరిగి 2000 నుంచి 2005 మధ్య దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని వాళ్ల అంచనా. శుభ్రం చేసేవాడు లేకపోతే ఏమవుతుందో లెక్క కట్టి చూపించారు. పక్షి విషయంలో ఆ లెక్క కట్టారు. మనిషి విషయంలో ఎవరు కడతారు?

2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు మన పిల్లలను బట్టలూడదీసి, బండికి కట్టి కొట్టారు. వీడియో తీసి మరీ తిప్పారు. అదీ ఒక ఫొటోగ్రఫీయే. దాని తర్వాత అక్కడి దళితులు కళేబరాలను ట్రాక్టర్లలో తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పారేశారు. మీ తల్లిని మీరే ఎత్తుకోండన్నారు. కొద్ది రోజుల్లోనే ఆ ఊళ్లకు తెలిసొచ్చింది, ఇన్నాళ్లు ఎవరి వల్ల ఊపిరి పీల్చుకున్నారో.

రాబందుకు జటాయువు అని పేరు పెట్టారు. మంచిదే. అదే పని చేసిన మనిషి కులం పేరు మాత్రం ఇప్పటికీ తిట్టు. పక్షి చచ్చినదాన్ని తింటే ప్రకృతి పారిశుద్ధ్య కార్మికుడు. మనిషి చచ్చినదాన్ని ముట్టుకుంటే అంటరానివాడు.

ఇక్కడ ఒక మాట. ఈ పని గొప్పదని నేను అనడం లేదు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని చెప్పాడు. మా బాపు ఆ పని వదిలి పవర్ హౌస్ ఇటుకలు మోసింది అందుకే. ఆ పని చెయ్యక తప్పని రోజు పోవాలి. కానీ చేసినవాణ్ని ఫ్రేములోంచి తోసేసి, పని పోయింది అనుకోవడం వేరే సంగతి.

*

చివరి ముచ్చట. ఆ సాయంత్రం రైలు రాత్రికి ఉంది. నేనూ మిత్రుడూ తాతను వెతుక్కుంటూ ఊళ్లోకి పోయాం. ఇల్లు చివర ఉంది. ఎక్కడుంటుందో అడగకుండానే తెలిసింది. స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాడు.

"ఎవలు బిడ్డా? పొద్దున ఫొటోలాయనవు గదా."

"ఔ తాతా."

"ఏ ఊరు? ఎవలోళ్లు?"

ఇదీ అదే ప్రశ్న. కానీ ఈ నోట్లో వేరే. "మనోళ్లమే తాతా" అన్నాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. కోడలిని పిలిచి చాయ్ పెట్టమన్నాడు.

పొద్దున్నటి మాటకు తప్పయిందని చెప్పబోయాను. "ఏ, దానికేంది" అని తీసిపారేశాడు. ఆయన చెప్పాలనుకున్నది వేరే. ఎక్కడ గొడ్డు చచ్చినా ఆయనకు ఫోన్ వస్తుంది. పోయి ముందు అడిగేది ఒకటే ప్రశ్న. "ఏం సూది ఏసిండ్రు?" సూది ఎవరు వేసిండ్రు, ఏ మందు, ఎన్ని దినాలైంది. సీసా ఉంటే చూపెట్టమంటాడు. పేరు చదవరాదు. మనవడితో చదివిస్తాడు. అనుమానం ఉంటే పూడ్చిపెట్టిస్తాడు, గుట్టకు తేడు. "మెలాక్సికామైతే నడుస్తది బిడ్డా. గా ఇంకోటైతే పచ్చి ఇసం. ఒక్క గొడ్డు తెస్తే గుట్ట గుట్టంత సస్తది."

నేను నోట్‌బుక్‌లో రాసుకున్న పాఠాల్లో ఇది లేదు. ఏ పక్షి ఏ గూట్లో ఉంటుంది, ఏది గుడ్డు మీద కూర్చుంది, ఏ పిల్ల పోయినేడు ఎగిరింది, అన్నీ చెప్పాడు. కట్టెతో మట్టి మీద గుట్ట బొమ్మ గీసి చూపించాడు.

"పైసలిస్తరా తాతా?"

"ఇస్తరు. దాని సంగతి లేదు. ఊళ్లెనే, ఇప్పటికీ చాయ్ గిలాస దూరంకెళ్లే పెడ్తరు. పచ్చులకు భయం లేదు నేనంటే."

నేను ఆవేశపడ్డాను. రేపు మళ్లీ గొడ్డు వస్తే, పక్షులతో ఆయనను కలిపి ఫొటో తీస్తా అన్నాను. పేరుతో సహా పేపర్లో వేయిస్తా అన్నాను. తాత తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బిడ్డా. గొడ్డుతోని వద్దు. నా మనవడు కాగజ్‌నగర్‌ల ఇంటర్ సదువుతుండు. ఆని దోస్తులు సూస్తరు."

నా నోరు మూసుకుపోయింది. నా ఉపన్యాసానికి ఆయన సమాధానం అది. బడి గేటు దగ్గర మా తాత కూడా నా మాట విని ఇట్లనే అనుకుని ఉంటాడు. ఆ రోజు నేను "పక్కాయన" అన్నప్పుడు ఆయన నా బ్యాగు తీసుకుని, నిజంగా పక్కాయన లెక్కనే రెండడుగులు వెనక నడిచాడు.

కాసేపటికి తాతే అన్నాడు: "తీస్తే మంచిగ తియ్యి. అంగి ఏసుకొస్త." లోపలికి పోయి ఇస్త్రీ అంగి వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. ఇంటి ముందు కాదు, వాగు ఒడ్డుకు పోదామన్నాడు. గుట్ట వెనక పొద్దు గుంకుతోంది. రాబందులు ఒక్కొక్కటి గూళ్లకు చేరుతున్నాయి. తాత బండరాయి మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షట్టర్ రెండువేలు పెట్టక్కర్లేదు, ఆయన కదలలేదు. వెనక, ఆకాశంలో చిన్న చుక్క లెక్క ఒక పక్షి పడింది.

ఖనిలో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, మనవడి చేతికి పంపాను. గోడకు పెట్టుకున్నారట. దాన్నీ ఇక్కడ పెట్టను. ఆయన అడిగింది గోడ కోసం.

*

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇదీ నా సమాధానం. రాబందు దిగుతున్న ఆ ఫొటోను పోటీకి పంపలేదు. పంపితే బహుమతి వచ్చేదేమో. దాని కుడి అంచు చూసినప్పుడల్లా, అంచుకు మూడు చేతుల దూరంలో ఉన్న తుమ్మ పొద నాకు కనిపిస్తుంది. మీకు కనిపించదు. కనిపించేటట్టు రాయడం నేర్చుకునేదాకా పెట్టొద్దనుకున్నాను. ఇవాళ రాశాను కాబట్టి, రేపు పెడతాను. కింద ఈ ముచ్చట కూడా ఉంటుంది. రెండూ కలిపే షేర్ చెయ్యండి, ఫొటో ఒక్కటే కత్తిరించుకుని పోవద్దు.

ఇంకొకటి. పోయినేడాది నుంచి నెలకో ఆదివారం మా బస్తీ పిల్లలను గోదావరి ఒడ్డుకు తీసుకుపోతున్నాను. పదిహేను మంది, నాలుగు ఫోన్లు, నా పాత నికాన్. ఫీజు లేదు. మొదటి రోజే ఒక పాప అడిగింది: "అన్నా, కొంగను తీస్తుంటే మా అవ్వ బట్టలుతుక్కుంట అడ్డమొస్తుంది. జరగమనన్నా?"

"వద్దు బిడ్డా" అన్నాను. "ముందు అవ్వను అడుగు, ఫొటోలో ఉంటవా అని. ఉంటనంటే ఇద్దరినీ తియ్యి. వద్దంటే నువ్వే జరుగు."

ఆ పాప వెళ్లి అడిగింది. వాళ్లవ్వ చేతులు తుడుచుకుని, కొంగు సవరించుకుని నిలబడింది.

వచ్చే ఆదివారం కలుద్దాం.

జై భీమ్.